కొండి లేని ఈగలు

చర్చి ఆవరణ శుభ్రం చెయ్యమని ఆ పూట పదకొండుమంది ఆడవాళ్ళని తోలుకొచ్చారు. శుభ్రం చెయ్యాల్సింది చెత్త కాదు, చచ్చిన తేనెటీగలు. గోడవారగా, మేం ఈగల్ని పెంచే బోలు దుంగలు పన్నెండు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. వాటి చుట్టూ తెల్లటి సున్నపునేల మీద ఈగలు నువ్వులు ఆరబోసినట్టు పరుచుకున్నాయి. చీమలు అప్పటికే బారులు తీరాయి. పొద్దున వంచిన నడుం ఎత్తకుండా ఏరుతూనే ఉన్నారు, మిట్టమధ్యాహ్నమైనా సగం కూడా తరగలేదు.

చీపురు ఎవరూ ముట్టుకోలేదు. మా వాళ్ళు తేనెటీగని ఊడవరు. పొరపాటున కాలి కింద పడి ఒక్కటి చచ్చినా ఆకులో చుట్టి పూడ్చి, తప్పయిందని చెప్పుకుని మరీ వెళతారు. ఒక్కదానికైతే చిటికెలో పని. వేలకి వేలు చస్తే ఏం చెయ్యాలో మా తాతలెవరూ చెప్పిపోలేదు. అన్నిటిని ఒక్కసారే చంపగల మొనగాడు వాళ్ళ కాలంలో మా దేశానికి రాలేదు మరి. అందుకని ముకుయ్ తనకి తోచినట్టు గుప్పెడేసి ఈగల్ని ఒక్కో ఆకులో చుట్టి, చర్చి వెనక గుంట తీసి అందులో పేరుస్తోంది.

ముకుయ్‌కి నలభై దాటాయి. మొగుడు రాళ్ళు మోస్తూ ఈ చర్చి గోడ కిందే పోయాడు. పిల్లలు దక్కలేదు. ఆమెకి ఉన్నవల్లా ఎనిమిది దుంగల తేనెటీగలు. వాళ్ళమ్మ ఇచ్చినవి, ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చినవి. ఆవరణలో చచ్చి పడున్నవి మాత్రం ఆమెవి కావు, ఆమె మేనమామ కాంచెవి. ముసలాయన కాస్త దూరంలో, ఖాళీ దుంగ మీద చెయ్యి వేసుకుని కూచున్నాడు.

"నీవే కదా మామా ఇవి. పూడ్చే ముందు ఒక్క మాటైనా చెప్పు వాటికి" అంది ముకుయ్.

"ఏం చెప్పమంటావే. మంచి చోటికే పోతన్నాం, భయపడమాకండని చెప్పి తెచ్చింది నేను. ఆ మాట చెప్పింది చాలు."

"నువ్వనుకున్నావా ఇట్టా అవుద్దని."

"అనుకున్నాను. అనుకునే చెప్పాను" అన్నాడు కాంచె మామ.

దుంగని కదిలించాలంటే ఆ ఇంటివాళ్ళే ముందు రోజు ఈగలకి చెప్పాలి. ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో. చెప్పకుండా కదిపితే అవి దుంగ వదిలి పోతాయి. అబద్ధం చెప్పి కదిపితే ఏమవుతుందో ఇప్పుడు పన్నెండు దుంగల సాక్షిగా తెలిసింది.

ఇదంతా తెచ్చిపెట్టింది సముద్రం దాటి వచ్చిన పాదిరి బెర్నబే. ఆయనకి అడవి అంటే భయం. భయమని ఒప్పుకోవడం ఆయన హోదాకి తగదు గనక అడవిలో సైతాను ఉన్నాడన్నాడు. ఐదు పల్లెల్ని తగలబెట్టించి, జనాన్నంతా తెచ్చి, గంట వినపడే దూరంలో తాడు పట్టి గీసిన వీధుల్లో కుక్కాడు. ఆ తరవాత వీధుల్లో చెట్లుండకూడదన్నాడు. చెట్ల చాటున మేం ఏం చేస్తున్నామో గోపురం మీంచి కనపడటం లేదట. సపోటాలు పోయాయి, జామలు పోయాయి, సీతాఫలాలు పోయాయి. బల్చె చెట్లనైతే వేళ్ళతో పెకలించి కాల్పించాడు. దాని బెరడు తేనెలో నానేసి మేం కాచుకునే సారా సైతానుకి నైవేద్యమట. ఆయన మాత్రం రోజూ పొద్దున పీఠం ముందు ద్రాక్షసారా తాగేవాడు. అది వేరట.

అలా ఊళ్ళో పువ్వనేది లేకుండా నున్నగా గొరిగేసి, అప్పుడు మైనం తెమ్మన్నాడు. పీఠం మీద మైనపువత్తులు వెలగాలి, వత్తుల పండగకి మరీ వెలగాలి. పువ్వులకీ మైనానికీ ఏదో సంబంధం ఉందని ఆయన ఎప్పుడూ విన్నట్టు లేదు. చిన్నప్పట్నుంచీ మఠంలో పెరిగినవాడు, వత్తి వెలిగించిన చోట మొదలై ఆరిపోయిన చోట ముగుస్తుంది ఆయనకి మైనం సంగతి. చెట్లు నరికిన రెండో ఏడు మైనం సగానికి పడిపోతే, ఆడవాళ్ళు దాచేస్తున్నారని ఇళ్ళు సోదా చేయించాడు. ఇళ్ళలో మైనం దొరకలేదు. దాంతో ఈగల్నే చర్చి అధీనంలోకి తీసుకోవాలని తీర్మానించి, కాంచె మామ పన్నెండు దుంగలూ ఆవరణలోకి మోయించాడు.

మా తేనె తీసే పద్ధతి వేరు. దుంగ రెండు చివర్లా మట్టితో మెత్తిన రాతి బిళ్ళలుంటాయి. ఒక బిళ్ళ తీసి, చివర ఉన్న తేనె కుండల్ని పుల్లతో పొడిచి, దుంగని వంచి పట్టుకుంటే తేనె కారుతుంది. నడుమ పిల్లల గూళ్ళు ఉంటాయి. వాటి జోలికి ఎవరూ పోరు, చెయ్యి తగలకుండా ఊపిరి బిగబట్టి పని చేస్తారు. నడుమ అంత మైనం ఉంచుకుని చివర్లు గోకుతారేమిటి అని పాదిరి కసిరాడు. మొత్తం తీయించాడు. మూడు ఉండలు వచ్చింది మైనం. సంతలో మూడు ఉండలకి అరవై కకావ్ గింజలిస్తారు, మాకు డబ్బు అవే, అంటే ఒక మాదిరి టర్కీ కోడి ఖరీదు. అక్కడికి పన్నెండు దుంగల వంశం ముగిసింది.

"ఓ స్త్రీలారా, మీరిచ్చట ఏమి చేయుచున్నారు?"

ముకుయ్ తలెత్తింది. గుంట పక్కన పాదిరి నిలబడున్నాడు. నడుముకి మూడు ముళ్ళ తాడు, చేతిలో జపమాల. మా మాటని ఆయన వేరే పాదిరి రాసుకున్న పుస్తకంలోంచి నేర్చుకున్నాడు. పక్కనే గాస్పర్. ముకుయ్‌కి సొంత మరిది, పుట్టుపేరు నహావ్. ఇప్పుడు చర్చిలో పంతులు, జపాలు చెప్పించేదీ హాజరు వేసేదీ వాడే. పాదిరి అన్న ప్రతి మాటనీ వాడు మళ్ళీ అంటాడు.

"ఏం చేస్తన్నారని అడుగుతున్నారు అయ్యగారు" అన్నాడు.

"వినపడింది. పూడుస్తన్నాం అయ్యగారూ" అంది ముకుయ్.

"ఏమి పూడ్చుచున్నారు?"

"చచ్చిపోయినవాటిని."

పాదిరి కర్రతో ఒక పొట్లం విప్పించి చూశాడు. ఆకులో పడుకోబెట్టినట్టున్న ఈగల్ని చూసేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆత్మ లేని పురుగునకు సమాధియా, ఇది విగ్రహారాధన కాక మరేమి, అంటూ అందుకున్నాడు. మొన్న వానల్లో మశూచి వచ్చి పోయిన పిల్లల్ని పంతొమ్మిది మందిని ఆయన ఒక్క మధ్యాహ్నంలో ఒక్క గోతిలో వేయించాడు. ఆకు కూడా లేదు వాళ్ళకి. అప్పుడు ఆయన చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి, భోజనానికి ఆలస్యమవుతోందని గంట ఎంతయిందో రెండుసార్లు అడిగాడు.

పొట్లాలన్నీ పైకి తీసి చెత్తలో కాల్చమన్నాడు. ఆడవాళ్ళు కదలకపోతే గాస్పరే గుంటలోకి దిగి తీశాడు. వాడి చేతుల్లోంచి ఆకులు జారిపోతుంటే కాంచె మామ లేచి దగ్గరికొచ్చాడు.

"నడుమది తియ్యొద్దని ఆ రోజే చెప్పాను అయ్యగారూ. పిల్లలుంటాయన్నాను."

"సైతాను చంపెను" అన్నాడు పాదిరి.

"కాదండి. మీరు తీయమన్నారు, ఇదిగో ఈ నహావ్ తీశాడు. సైతాను ఆ దరిదాపుల్లో లేడు, నేను పక్కనే ఉన్నాను."

ఆ మాటకి ముసలాయనకి కొరడా దెబ్బలు ఆరు పడ్డాయి. గుంట తవ్వినందుకు ముకుయ్ జుట్టు గొర్రెల కత్తెరతో మాడు కనపడేలా కత్తిరించారు. కత్తిరించే సేపూ పాదిరి మొహం పక్కకి తిప్పుకుని జపం చేసుకుంటూనే ఉన్నాడు. అయ్యాక, పండగ నాలుగు రోజుల్లో ఉందనీ, ఊళ్ళో ఇక మిగిలినవి మగ్దలేన దుంగలు ఎనిమిదేననీ, అవి రేపు పొద్దున ఆవరణకి రావాలనీ చెప్పించాడు. మగ్దలేన అంటే ముకుయే. నీళ్ళు చల్లి ఆ పేరు పెట్టింది ఆయనే, ఆయన తప్ప ఇంకెవరూ ఆ పేరుతో పిలవరు.

మూడేళ్ళ కిందట ఆ ఎనిమిదిటినీ పాత ఊరు నుంచి ఆమె ఒక్కతే వీపున మోసుకొచ్చింది. మోత తాడు నుదుటికి కట్టుకుని, ఒక్కో దుంగకీ ఒక్కో రోజు. ఊరు వదలనని అప్పుడు ఆమె కూడా అనలేదు, ఎవరికీ అడ్డం పడలేదు. మేమూ అంతే, కుండా చట్టీ నెత్తిన పెట్టుకుని మంద నడిచినట్టు నడిచి వచ్చాం. ఇళ్ళు కాలుతుంటే వెనక్కి తిరిగి చూసినవాళ్ళు కూడా తక్కువే. పాదిరిని అనుకునే ముందు ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. ఊళ్ళో చెట్లు పోయాక కూడా ఆమె ఈగలు బతికున్నాయంటే, ఆమె రోజూ పొలం పని అయ్యాక మైళ్ళు నడిచి వెళ్ళి, అడవి అంచున పూసిన తీగల్ని మొదలంటా తెచ్చి, గోడవారగా నాటి, నేలబావి నీళ్ళు మోసి పోసింది కాబట్టి.

పొద్దు వాలుతుండగా గాస్పర్ వచ్చాడు. ముకుయ్ తలకి పాతగుడ్డ చుట్టుకుని రొట్టెల పిండి రుబ్బుతోంది.

"వదినా, ఒక మాట చెప్పి పోదామని వచ్చాను."

"నీ సొంత మాటా, ఆయన మాటా? ఆయనదైతే నాకు మజ్జానమే వినపడింది."

"ఎటకారం ఆడమాక. దుంగలు ఎక్కడుంటే ఏంటి చెప్పు. ఆవరణలో ఉన్నా చూసుకునేది నువ్వే అని అయ్యగారితో నేను మాట్లాడతాను."

"మామకీ అట్టాగే చెప్పావు."

గాస్పర్ పొయ్యి మీది పెనం కేసి చూశాడు. ఆమె ఒక రొట్టె కాల్చి, పళ్ళెం కూడా లేకుండా వాడి చేతిలో పెట్టింది. వాడు తిన్నాడు. అన్న బతికున్న రోజుల నుంచీ ఆ ఇంట్లో తినడం వాడికి అలవాటు.

"సైన్యాన్ని పిలిపిస్తాడు వదినా. నీకు తెలవదు ఆయన సంగతి."

"కుట్టని ఈగ అని నవ్వాడు చూడు, ఆ రోజే తెలిసింది."

గాస్పర్ తలదించుకున్నాడు. ఆ రోజు వాడూ అక్కడే ఉన్నాడు. ఊరికి వచ్చిన కొత్తలో పాదిరి ఇదే పెరట్లో ఒక దుంగ రంధ్రంలో వేలు దూర్చి చూశాడు. ఈగ కుట్టలేదు. ఈ దేశమందు ఈగలకును పౌరుషము లేదు, మనుష్యులకును లేదు, అని పడీ పడీ నవ్వాడు. గాస్పర్ కూడా నవ్వాడు. తననీ కలిపే అన్నాడని వాడికి తట్టలేదు.

మా ఈగలకి కొండి లేని మాట నిజమే. కానీ వాటి వాకిలి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. చిటికెనవేలంత రంధ్రం, అందులో ఒక్క ఈగ తల అడ్డం పెట్టుకుని కూచుంటుంది. ఇంటివాళ్ళొస్తే పక్కకి తప్పుకుంటుంది, పైవాళ్ళొస్తే తప్పుకోదు. దాన్ని నలిపేస్తే వెనక నుంచి ఇంకోటి వచ్చి అదే చోట కూచుంటుంది. పాదిరి వేలు పెట్టిన రోజున అలా మూడు నలిగాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు. వేలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"అయితే ఈగలకి చెప్తావా, చెప్పవా? పొద్దున్నే వస్తారు వాళ్ళు" అన్నాడు గాస్పర్ గుమ్మంలో నిలబడి.

"రొట్టె తిన్నావు కదా, ఇక వెళ్ళు" అంది ముకుయ్.

మర్నాడు పొద్దున పాదిరి తనే వచ్చాడు. వెనక గాస్పర్, ఆ వెనక మోత కర్రలతో నలుగురు మనుషులు. నలుగురికీ పెద్ద కోబ్ అనేవాడు. చర్చికి పునాది రాళ్ళు మోసినవాడు, మనిషి ఎద్దులా ఉంటాడు. మా ఇళ్ళకి వీధి వాకిలీ పెరటి వాకిలీ ఎదురెదురుగా ఉంటాయి. పెరడు చుట్టూ రొమ్మెత్తు రాతిగోడ. దుంగలు బయటికి రావాలంటే ఇంట్లోంచే రావాలి. ముకుయ్ వీధి వాకిట్లో నిలబడింది. తల మీద గుడ్డ తీసేసింది. కత్తెర గాట్లు ఎండలో ఎర్రగా కనపడుతున్నాయి.

దుంగలున్న ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. ఈగలకి కేకలు పడవు. మొగుడూ పెళ్ళాం తిట్టుకోవాలన్నా వీధి చివరికి వెళ్ళి తిట్టుకుని వస్తారు. అందుకని ఆ పొద్దున మాట్లాడిన వాళ్ళంతా పిల్ల నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు, పాదిరి ఒక్కడు తప్ప. మేం ఇలా మెల్లిగా మాట్లాడటాన్ని ఆయన మూడేళ్ళుగా అణకువ అనుకుంటూ వస్తున్నాడు.

"లోపలికి పొండు. ఎత్తుడి" అన్నాడు పాదిరి.

కోబ్ కర్ర భుజాన పెట్టుకుని రెండడుగులు వేసి వాకిలి ముందు ఆగాడు.

"చెప్పావా అక్కా వాటికి?" అన్నాడు.

"చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తావా?"

"చెప్పను కోబ్."

కోబ్ వెనక్కి తిరిగి మిగతా ముగ్గురినీ చూశాడు. వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. కాంచె మామ దుంగల్ని ఆవరణకి మోసింది ఈ నలుగురే. నిన్న వాళ్ళ పెళ్ళాలే ఆ ఈగల్ని ఏరి వచ్చారు. రాత్రి వాళ్ళ ఇళ్ళలో ఏం మాటలు నడిచాయో మనకి తెలియదు గానీ, నడవకుండా మాత్రం ఉండవు.

"ఏమి గొణుగుచున్నారు?" అన్నాడు పాదిరి.

"చెప్పలేదంట అయ్యగారూ" అన్నాడు గాస్పర్.

"ఏమి చెప్పలేదు? ఎవరికి?"

"పోతన్నామని. ఈగలకి."

పాదిరి నోటి వెంట ఆ తరవాత వచ్చినవన్నీ కేకలే. పెరట్లో ఈగల మోత పెరగడం వీధిలోకి వినపడింది. నలుగురూ ఒకేసారి అటు చూశారు.

"కొంచెం మెల్లిగా అయ్యగారూ. బెదురుతాయి" అన్నాడు కోబ్. అని, భుజాన ఉన్న కర్ర దించి గోడకి ఆనించాడు. "ఇంటావిడ చెప్పకుండా ఎత్తకూడదండి. నేను ఎత్తను."

ఆ మాట ఎంత మెల్లిగా అన్నాడంటే పాదిరికి అది కాదన్న మాటలా వినిపించలేదు. గాస్పర్‌కేసి చూశాడు. గాస్పర్ మూడేళ్ళలో మొదటిసారి ఒక మాటని మళ్ళీ అనలేకపోయాడు. మిగతా ముగ్గురూ కర్రలు తెచ్చి కోబ్ కర్ర పక్కన పెడుతుంటే, అప్పుడు అర్థమైంది పాదిరికి.

ఆయన తనే వాకిలి దగ్గరికి వచ్చాడు. ముకుయ్ కదల్లేదు. ఆమె నిలబడ్డాక అటొక బెత్తెడు, ఇటొక బెత్తెడు మిగిలిన సన్నటి వాకిలి అది. లోపలికి పోవాలంటే ఆమెని తోసుకునే పోవాలి. పాదిరి చెయ్యి ఎత్తి, మధ్యలో ఆపేశాడు. ఆడదాన్ని ముట్టుకోకూడదని ఆయన వ్రతం. కొట్టించవచ్చు, గొరిగించవచ్చు, ముట్టుకోకూడదు. నడుముకున్న మూడు ముళ్ళలో ఒక ముడి దానికోసమేనని ఆయనే మాకు నేర్పించాడు. ఎంత పవిత్రమైన మనిషో చూడండి.

"గాస్పర్, ఈమెను తొలగింపుము."

గాస్పర్ ముందుకొచ్చాడు. వదిన మొహంలోకి చూడకుండా ఆమె భుజం దాకా చెయ్యి చాచాడు. ఆమె వాడి చేతినే చూస్తోంది. నిన్న పొట్లాలు తవ్విన చెయ్యి, నిన్న రొట్టె తీసుకున్న చెయ్యి.

"నహావ్, నీకు ఇష్టమైతే తొయ్యి. మెల్లిగా మటుకు తొయ్యి" అంది.

వాడు తొయ్యలేదు. తొయ్యనని కూడా అనలేదు. వాడి బతుకంతా ఈ రెండిటి మధ్యా ఎక్కడో సందు చూసుకుని దూరడంతోనే గడిచింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "దుంగలు బరువండి అయ్యగారూ. పట్నం నుంచి సైనికుల్ని రప్పిద్దాం, వాళ్ళయితే..." అన్నాడు.

పాదిరికి ఆ మాట ఊరటగా ఉన్నట్టుంది. ఉత్తరం రాస్తాననీ, మూడో రోజుకి సైన్యం దిగుతుందనీ, అప్పుడు దుంగలతో పాటు ఈ నలుగురి వీపులూ, ఈ స్త్రీ ప్రాణమూ చర్చి లెక్కలోకి వస్తాయనీ వీధంతా వినపడేలా చెప్పి వెనక్కి తిరిగాడు. గాస్పర్ ఆయన వెనక నడిచాడు. వీధి మలుపులో ఒకసారి ఆగి వెనక్కి చూశాడు గానీ రాలేదు.

నలుగురూ కర్రలు తీసుకోకుండానే వెళ్ళారు. అవి గోడకి ఆనుకునే ఉన్నాయి. కాంచె మామ కొరడా దెబ్బల వీపుతో వంగి వంగి వచ్చి గడప మీద కూచున్నాడు.

"వాళ్ళు నిజంగానే వస్తారే" అన్నాడు.

"తెలుసు మామా."

"ఎనిమిదిటిలో ఒక్కటీ దక్కకపోవచ్చు."

"నేను కూడా దక్కకపోవచ్చు. నువ్వు కాసేపు ఇక్కడ కూచో, నేను లోపలికి పోయి వస్తాను."

పెరట్లో ఎండ బాగా ఎక్కింది. అరిచిన అరుపులకి ఈగలు ఇంకా సర్దుకోలేదు. ముకుయ్ మొదటి దుంగ ముందు మోకాళ్ళ మీద కూచుని, చుట్టూ ఎగురుతున్నవి ఒక్కొక్కటే లోపలికి పోయేదాకా ఆగింది. ఆఖరిది పోయాక రంధ్రంలో ఒక చిన్న తల వచ్చి అడ్డం నిలబడింది. అప్పుడు ఆమె దుంగకి నోరు ఆనించి, అబద్ధం కలపకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది.

"మనం ఎక్కడికీ పోవట్లేదు. ఎల్లుండి కాక ఆవలెల్లుండి కొంతమంది వస్తారు. వాళ్ళు మెల్లిగా మాట్లాడరు. మీరు లోపల మీ పని చేసుకోండి. వాకిట్లో నేనుంటాను."

అని లేచి, రెండో దుంగ దగ్గరికి వెళ్ళింది.